నమ్మకం ముందా, ఆచారం ముందా?

పితృకార్యాల వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "మనసులో నమ్మకం లేకుండా చేస్తే అది నటన కాదా?" ఆ ప్రశ్న నాది కూడా.

నాన్న పోయాక మొదటి మాసికానికి హైదరాబాద్ నుంచి హనుమకొండ వచ్చాను. పీట మీద కూర్చునే ముందు అమ్మతో అన్నాను, "ఇవన్నీ నాన్నకి చేరతాయని నాకు నమ్మకం లేదమ్మా" అని. అమ్మ కోప్పడలేదు. "నమ్ముడు తర్వాత చూద్దాం బిడ్డా, ముందైతే కూసో" అన్నది.

దాదాపు అదే మాట యూదుల సంప్రదాయంలో చూసి ఆశ్చర్యపోయాను. యూదులంటే ఎక్కడో దూరదేశంలోనే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు సమాజం ఉంది. ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్న ఈ కుటుంబాలు తమ మూలాలు ఇజ్రాయెల్ గోత్రాల్లో ఉన్నాయని చెబుతాయి. ఇజ్రాయెల్ నుంచి అధికారిక గుర్తింపు దక్కకపోయినా శబ్బాత్ పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటూ వచ్చారు. ఒకరు ఒప్పుకున్నాకే మొదలుపెడదామని ఆగలేదు.

యూదు సంప్రదాయం 613 ఆజ్ఞలను లెక్కిస్తుంది. సీనాయ్ కొండ దగ్గర వాళ్ల పూర్వీకులు ముందు ఆచరిస్తామనీ, ఆ తర్వాత అర్థం చేసుకుంటామనీ ఒప్పుకున్నారని వాళ్ల పెద్దలు చెబుతారు. అలాగని నమ్మకం అక్కర్లేదని కాదు. 12వ శతాబ్దంలో మైమోనిడిస్ 13 విశ్వాస సూత్రాలు రాశాడు. కానీ నమ్మకం పూర్తిగా కుదిరేదాకా ఆచారాన్ని పక్కన పెట్టమని ఆ సంప్రదాయం చెప్పదు.

తల్లో తండ్రో పోతే పిల్లలు 11 నెలలు కద్దిష్ అనే ప్రార్థన చెబుతారు. అందులో చావు ప్రస్తావనే ఉండదు, అంతా దైవస్తుతే. అది ఒంటరిగా చెప్పేది కాదు, కనీసం పదిమంది పెద్దవాళ్లు కూడాలి. దుఃఖంలో ఉన్నవాడి నమ్మకం సన్నగిల్లినా, చుట్టూ ఉన్నవాళ్లు ఆసరాగా నిలబడతారు.

అయితే ఒక హెచ్చరిక కూడా వాళ్ల గ్రంథాల్లోనే ఉంది. అన్యాయం చేస్తూ బలులు అర్పిస్తే దేవుడికి అక్కర్లేదని యెషయా ప్రవక్త గట్టిగా మందలించాడు. అంటే అసలు నటన, నమ్మకం తక్కువై చేసేది కాదు. చేసిన పని మన నడతని తాకకపోవడమే నటన.

నాన్నకి చేరిందో లేదో నాకిప్పటికీ తెలీదు. కానీ పండక్కి మాత్రమే ఇంటికొచ్చేవాణ్ణి, ఆ ఏడాది ప్రతి నెలా వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. నమ్మకం కుదిరాకే వస్తానని ఆగి ఉంటే, ఆ ఏడాది అమ్మ ఒక్కతే ఉండేది.

శుభం.