ఆ రహస్యం ఎవరిది?

పోయిన ఏడాది నాకు కామెర్లు వచ్చినప్పుడు మా వీధంతా చూడడానికి వచ్చింది. పండ్లు తెచ్చారు, పథ్యం చెప్పారు. నా స్నేహితురాలు మానసిక చికిత్స కోసం బెంగళూరులో నెలరోజులు ఆసుపత్రిలో ఉండి వస్తే ఒక్కరూ రాలేదు. ఎందుకంటే ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమెది మా పక్కిల్లు. బడి వేరైనా ట్యూషన్ ఒకటే. "ఎవరన్నా అడిగితే అమ్మమ్మ ఊరికి పోయిందని చెప్పమ్మా" అంది వాళ్ళమ్మ. "సరే అత్తా" అన్నాను. అందరికీ అట్లే చెప్పాను. మంచికే కదా అనుకున్నాను.

ఆమె తిరిగొచ్చిన రోజు ట్యూషన్‌లో అందరూ చుట్టూ చేరి "అమ్మమ్మ ఊర్లో జాతర చూసినావా?" అని అడిగారు. ఆమె నా వైపు చూసింది. తర్వాత, చూడని జాతర గురించి చెప్పడం మొదలుపెట్టింది. మరుసటి రోజు నుంచి ట్యూషన్‌కి రావడం మానేసింది.

మంచి కోసం ఆడిన అబద్ధం మంచిదేనా? మానం, ప్రాణం పోయేటప్పుడు అబద్ధమాడవచ్చని పెద్దలంటారు. ఆ తల్లి భయం కూడా ఉత్తది కాదు. కూతురి చదువు, రేపటి పెళ్ళి అన్నీ ఆమె కళ్ళముందు తిరిగి ఉంటాయి. పోనీ నేను నిజం చెప్పేసి ఉంటే? అదీ తప్పే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు ఆమెకు ఉంది. అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అందరి మధ్య, అందరితో కలిసి బతికే హక్కూ ఉంది. రెండూ కలిపి చదివితే నా తప్పు నాకు తెలిసింది. ఆ రహస్యం ఆమెది. దాచాలో చెప్పాలో ఆమెనే అడగాలి. నేను అడగలేదు. నా అబద్ధాన్ని ఆమె మోయవలసి వచ్చింది.

ఆసుపత్రి పని కొన్ని వారాల్లో అయిపోతుంది. మిగతాది ఇంటిది, వీధిది, బడిది. ఈ ఆలోచన మన బళ్ళారికి కొత్త కాదు. 1980లలో నిమ్హాన్స్ డాక్టర్లు మన జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పల్లెల దగ్గరికి తెచ్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. ఇప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులో కూడా మాట్లాడతారు. మందు ఊరి దాకా వచ్చింది. ఆ మందు వేసుకునే పిల్లకు మన పక్కన చోటు ఇవ్వడం డాక్టర్లు చేసే పని కాదు, మనం చేయాలి.

నేను వాళ్ళింటికి పోయి క్షమించమని అడిగాను. "ఇకమీద ఎవరన్నా అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఒంట్లో బాగలేకుండె అని చెప్పు. ఇంకా అడిగితే నన్నే అడగమను. నువ్వు మాత్రం నా పక్కనే కూర్చో" అంది. ఇప్పుడు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుంటున్నాము.

ఈ వ్యాసం మా టీచరు కంటే ముందు ఆమెకు చూపించాను. రెండు వాక్యాలు తీసెయ్యమంది. తీసేశాను.