పవిత్రత ఉప్పులో ఉందా, వాడుకలో ఉందా?

కల్లుప్పు, పొడి ఉప్పు రెంటిలో దేవుడి పనికి ఏది తగినది? ఈ సందేహానికి మూడు భాగాలున్నాయి. రెండు ఉప్పులూ నిజంగా వేరు పదార్థాలా అన్నది మొదటిది. శాస్త్రం వాటిలో ఒకదాన్ని మడిగానూ మరొకదాన్ని మైలగానూ చూసిందా అన్నది రెండోది. ఒక ఉప్పును ఎంచుకోవడంలోనో, ఉప్పునే వదలడంలోనో పుణ్యం ఎక్కడ ఉందన్నది మూడోది. సముద్రానికి దూరంగా, మెట్టసీమలో ఉన్న గుడుపల్లె, కుప్పం, పుంగనూరు, మదనపల్లె వంటి చోట్ల ఉప్పు ఎప్పుడూ బయటి నుంచి రావలసిన సరుకే. సంగటిలోకి, ఊరుబిండిలోకి పనికొచ్చే ఆ సరుకే పూజకూ దిష్టికీ కావాలి కాబట్టి ఈ సందేహం వంటింట్లోనే పుడుతుంది.

రెండు ఉప్పుల పుట్టుక

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా సోడియం క్లోరైడ్, అంటే మనం తినే ఉప్పు. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఆంధ్ర తీరంలో నౌపడా, చినగంజాం, ఇసకపల్లి ఉప్పు మడులకు పేరుపడ్డ ఊళ్ళు. మడుల్లో నీరు ఎండకు చిక్కబడుతున్న కొద్దీ ముందు జిప్సం అడుగున చేరుతుంది, ఆ తర్వాత ఉప్పు గళ్ళు కడుతుంది. చివరికి మిగిలే చేదునీటిలో మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీటిని సకాలంలో తీసివేయకపోతే ఉప్పు చేదెక్కుతుంది, గాలిలోని తేమకు చెమ్మగిల్లుతుంది. అలా తీసి ఆరబెట్టినదే కల్లుప్పు.

పొడి ఉప్పు వేరే లోకం నుంచి రాదు. దేశంలో తయారయ్యే ఉప్పులో సింహభాగం గుజరాత్‌ది, అందులో అత్యధికం సముద్రపు నీటి నుంచే. మడుల్లో పండిన ఉప్పును కడిగి, మర పట్టి, ఆరబెట్టి, అయోడిన్ కలిపితే అది పొడి ఉప్పవుతుంది. మిఠాపూర్‌ వంటి చోట్ల సముద్రపు నీటి నుంచి తీసిన ఉప్పునీటినే యంత్రాల్లో ఆవిరి పట్టి తెల్లని సన్నని పలుకులుగా తీస్తారు. గడ్డ కట్టకుండా ఉండడానికి అతి కొద్దిగా మరో పదార్థం కలుపుతారు.

వ్రతాల్లో వాడే సైంధవ లవణం గనుల్లో దొరుకుతుంది. పంజాబు ప్రాంతంలో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఖేవ్‌డా గనులు దానికి ప్రసిద్ధి. యాభై కోట్ల ఏళ్ళకు పూర్వం ఎండిపోయిన సముద్రం అక్కడ రాతి పొరలుగా నిలిచింది. అంటే కల్లుప్పు నిన్నటి సముద్రం, సైంధవం అతి ప్రాచీన సముద్రం, పొడి ఉప్పు కడిగి నూరిన సముద్రం. మూడింటికీ మూలం ఒకటే, ముఖ్య పదార్థం ఒకటే. తేడా అంతా కొద్దిపాటి ఖనిజాల్లో, గళ్ళ పరిమాణంలో, చేర్చిన అయోడిన్‌లో ఉంది.

ఆచారం కల్లుప్పును ఎందుకు కోరుతుంది

తెలుగు ఇళ్ళలో ఉప్పు లక్ష్మీ స్వరూపం. క్షీరసాగర మథనంలో లక్ష్మి సముద్రం నుంచి వచ్చింది, ఉప్పూ సముద్రం నుంచే వస్తుంది. అందుకే కొత్త ఇంట్లో చేరేటప్పుడు పసుపు, బియ్యంతో పాటు ఉప్పును ముందుగా లోపలికి తీసుకువెళ్తారు. దీపాలు పెట్టాక ఉప్పు బయటివారికి ఇవ్వకూడదనీ, చేతి నుంచి చేతికి అందించకూడదనీ పెద్దలు చెబుతారు. బిడ్డకు దిష్టి తీసేటప్పుడు కల్లుప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి తిప్పి నిప్పుల్లో వేస్తారు. దశదానాల్లో లవణదానం ఒకటి.

ఈ ఆచారాలు స్థిరపడిన కాలంలో ఇంట్లో ఉన్నది గళ్ళ ఉప్పు ఒక్కటే. మర ఉప్పును ఎదురుగా పెట్టుకుని, అది పనికిరాదని తేల్చి కల్లుప్పును ఎంచుకున్నవారు ఎవరూ లేరు. కాబట్టి కల్లుప్పు వాడాలన్న ఆచారం పెద్దలు పాటించిన పద్ధతిని నిలుపుకోవడమే గాని, పొడి ఉప్పు అపవిత్రమన్న తీర్పు కాదు. ఆచారానికి గౌరవం దాని కొనసాగింపు వల్ల వస్తుంది. ఆ గౌరవం నిలవడానికి మరో ఉప్పును మైలపరచనక్కరలేదు.

శాస్త్రాల మాట

తెలుగు బ్రాహ్మణుల్లో అత్యధికులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం పెళ్ళయిన దంపతులు మూడు రాత్రులు నేలపై పడుకుని, బ్రహ్మచర్యం పాటించి, క్షారాన్నీ లవణాన్నీ వదలాలని చెబుతుంది. మనుస్మృతి ఆశౌచంలో ఉన్నవారికి అక్షారలవణాన్నాన్ని విధిస్తుంది. ఈ మాటపై వ్యాఖ్యాతల్లో భేదముంది. క్షారమూ ఉప్పూ లేని అన్నమని కొందరు, కృత్రిమంగా చేయని ఉప్పుతో వండిన అన్నమని కొందరు అర్థం చెప్పారు. వ్రతాల్లో సైంధవం వాడే అలవాటుకు ఈ రెండో అర్థం దగ్గరగా ఉంటుంది. అయితే హవిష్యం, అంటే వ్రతానికి తగిన ఆహారం ఏదో చెప్పే సందర్భంలో ధర్మశాస్త్ర నిబంధన గ్రంథాలు ఉదహరించే పట్టికలో సైంధవంతో పాటు సముద్రలవణమూ ఉంది. సముద్రపు ఉప్పు వ్రతానికి పనికిరాదన్న మాట కొన్ని ఇళ్ళ నియమం కావచ్చు, శాస్త్రమంతటి ఏకాభిప్రాయం మాత్రం కాదు.

ఇక పొడి ఉప్పు కృత్రిమమా? కడగడం, నూరడం, ఆరబెట్టడం పదార్థాన్ని మార్చవు. బియ్యాన్ని దంచి, కడిగి వండినంత మాత్రాన నైవేద్యానికి పనికిరాకుండా పోదు. చేర్చిన అయోడిన్ పది లక్షల పాళ్ళలో 15 నుంచి 30 పాళ్ళు. మడిలో పండిన ఉప్పులో సోడియం క్లోరైడ్ కాని లవణాలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సహజం, కృత్రిమం అన్న గీత ఇక్కడ ఎంత పలచనిదో ఈ లెక్కే చెబుతుంది. ఆ గీతను కఠినంగా పాటించదలచినవారు వ్రతం రోజున సైంధవమో కల్లుప్పో వాడుకోవచ్చు. దానివల్ల తక్కిన రోజుల ఉప్పు దోషం కాదు.

ఆయుర్వేదం ఉప్పులకు తారతమ్యం చెప్పింది. చరకసంహిత సైంధవం, సౌవర్చలం, విడం, సాముద్రం, ఔద్భిదం అని అయిదింటిని పేర్కొంటుంది. వాటిలో సైంధవం శ్రేష్ఠమనీ, చవిటి నేల ఉప్పు అధమమనీ అంటుంది. ఇది హితాహితాల విభజన, పుణ్యపాపాల విభజన కాదు. అదే గ్రంథం మరో హెచ్చరిక చేస్తుంది. పిప్పళ్ళు, క్షారం, లవణం అనే మూడింటినీ మితిమీరి వాడకూడదంటుంది. ఉప్పు అతిగా తిని శరీరం సడలినవారికి ఉదాహరణగా అది పేర్కొన్న దేశాల్లో సింధుదేశమూ ఉంది. శ్రేష్ఠమైన ఉప్పు పుట్టిన చోటే అతివాడకం చెరుపు చేసిందన్న ఈ సూచన లోతైనది. ఉప్పు జాతి గొప్పదైనంత మాత్రాన అమితం మితమైపోదు. భగవద్గీత 17వ అధ్యాయంలో రాజసాహారం గురించి చెప్పినప్పుడు కూడా దోషం ఉప్పులో లేదు, అతిలో ఉంది.

ఉపనిషత్తుల్లో ఉప్పు

ఉప్పును తత్త్వబోధకు వాడుకున్నవి ఉపనిషత్తులు. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత రాత్రి నీటిలో ఉప్పు వేయిస్తాడు. తెల్లవారి ఆ ఉప్పు తెమ్మంటే దొరకదు. పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి రుచి చూడమంటే అంతటా ఉప్పే. కంటికి కనపడకపోయినా సత్తు అన్నిటా నిండి ఉందని అక్కడి ఉపదేశం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి నీటిలో వేసిన సైంధవపు ముక్కను చూపి, అది మళ్ళీ విడిగా పట్టుకోవడానికి చిక్కదంటాడు. లోపలా బయటా అంతా ఒకే రుచి అయిన ఉప్పు ముద్దలాగే ఆత్మ కూడా కేవలం ప్రజ్ఞానఘనమంటాడు. శంకరుల భాష్యం ప్రకారం ఆ సైంధవం నీటి వికారమే. భూమి, తేజస్సుల సంపర్కంతో గట్టిపడి, తన మూలమైన నీటిని చేరినప్పుడు ఆ గట్టిదనం వదులుకుంటుంది.

ఈ దృష్టితో చూస్తే గళ్ళు, పొడి, రాయి అన్నవి నామరూపాలు. కరిగిన తర్వాత ఏది కల్లుప్పో ఏది పొడి ఉప్పో నీరు చెప్పదు. అయినా అద్వైతం వ్యవహారాన్ని కొట్టివేయదు. పరమార్థంలో భేదం లేదన్నంత మాత్రాన వ్యవహారంలో మందూ విషమూ ఒకటి కావు. కాబట్టి ఉప్పుల మధ్య పవిత్రతా భేదం లేదని తేలినా, శరీరానికి ఏది ఎంత అవసరమన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

వదలడం, దక్కకపోవడం

దేవుడికే ఉప్పు లేకుండా పెట్టే క్షేత్రం ఒకటుంది. కుంభకోణం దగ్గర తిరునాగేశ్వరంలోని ఒప్పిలియప్పన్ ఆలయంలో నైవేద్యాలన్నీ చప్పిడివే. మార్కండేయ మహర్షి తన కుమార్తె చిన్నపిల్ల అనీ, ఉప్పు సరిగా వేసి వండడం కూడా తెలియదనీ అంటే, ఉప్పు లేకపోయినా స్వీకరిస్తానని విష్ణువు ఆమెను పెండ్లాడాడని స్థలపురాణం. అక్కడ ఉప్పు నిషిద్ధం కావడానికి కారణం ఉప్పులోని దోషం కాదు, ప్రేమతో చేసిన సర్దుబాటు.

గాంధీ జీవితం ఈ విషయాన్ని మరో వైపు నుంచి తెరుస్తుంది. దక్షిణాఫ్రికాలో కస్తూరిబా జబ్బుపడినప్పుడు ఉప్పూ పప్పులూ మానమని ఆమెను వేడుకుని, తానే ముందుగా వాటిని వదిలినట్టు ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. రుచిని జయించే అస్వాద వ్రతం ఆయన ఆశ్రమ నియమాల్లో ఒకటి. అటువంటి మనిషే 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు చేతికెత్తుకుని పన్ను చట్టాన్ని ధిక్కరించారు. ఆంధ్రలో మచిలీపట్నం తీరంలోనూ, ఒంగోలు దగ్గర దేవరంపాడు శిబిరం నుంచి ప్రకాశం నాయకత్వంలోనూ ఉప్పు సత్యాగ్రహం సాగింది. ఉప్పు పన్ను 1947లో రద్దయింది. రుచి కోసం ఉప్పు అక్కరలేదనుకున్నవాడు బీదవాడి ఉప్పు కోసం జైలుకు వెళ్ళడంలో వైరుధ్యం లేదు. అందుబాటులో ఉన్నదాన్ని వదిలితేనే అది వ్రతం. అందకపోతే అది లేమి. లేమిని వ్రతమని పిలవడం అధర్మం.

ఈ భేదం మెట్టసీమకు అనుభవంలో ఉన్నదే. రైలు రాకముందు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంటూ తీరం నుంచి లోనాడుకు తెచ్చి, ధాన్యం మార్చుకుని వెళ్ళిన ఎరుకల, కొరచ కుటుంబాలుండేవి. రైళ్ళు, వలస పాలకుల ఉప్పు విధానం వారి జీవనాన్ని దెబ్బతీశాయి. తరువాత అదే ప్రభుత్వం వారిలో అనేకుల్ని నేరస్థ జాతిగా ముద్రవేసింది. ఉప్పు పవిత్రతను తలచుకునేవారు దాన్ని మోసిన భుజాలను మరవడం న్యాయం కాదు.

అయోడిన్ ధర్మం

సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే చాలినంత ఉంటుందన్న నమ్మకం నిజం కాదు. సముద్రపు నీటిలోనే అయోడిన్ అత్యల్పం, ఎండగట్టిన ఉప్పులో మిగిలేది లెక్కకు రానంత. సైంధవమూ అంతే. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. లోపిస్తే గొంతువాపు (గాయిటర్) వస్తుంది, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 నుంచి హిమాచల్‌ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో చేసిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గొంతువాపు తగ్గుతుందని నిరూపించింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మడంపై దేశమంతటా ఉన్న నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తివేసింది. ఏ ఉప్పు తినాలో ప్రజలకే వదిలేయాలన్నది అప్పటి వాదన. నిషేధం 2006 మే నుంచి మళ్ళీ అమల్లోకి వచ్చింది. స్వేచ్ఛకూ లోకహితానికీ మధ్య ఇది నిజమైన ధర్మసంకటం. పెద్దవాడు తన వ్రతం కోసం తన ఉప్పును ఎంచుకోవచ్చు. కడుపులోని బిడ్డకు ఆ ఎంపిక లేదు. ఎంచుకోలేనివారి మేలు ముందు చూడడమే ధర్మం కాబట్టి, రోజువారీ వంటలో అయోడిన్ ఉప్పు వాడడమే సరైనది. అయోడిన్ కలిపిన కల్లుప్పూ అమ్మకంలో ఉంది. అయోడిన్ పోకుండా డబ్బాకు మూత పెట్టి, చెమ్మ తగలకుండా ఉంచుకోవాలి.

మితం విషయంలో ఏ ఉప్పుకూ మినహాయింపు లేదు. బరువుకు బరువు తూస్తే కల్లుప్పులోనూ పొడి ఉప్పులోనూ సోడియం దాదాపు సమానం, నూటికి 39 పాళ్ళ దరిదాపు. గళ్ళ మధ్య ఖాళీ ఉండడంవల్ల చెంచాడు కల్లుప్పు కాస్త తక్కువ తూగుతుంది, అంతే. రోజుకు పెద్దలు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, ఊరుబిండి, అప్పడం, ఉప్పుచేప అన్నిటిలోని ఉప్పూ ఆ లెక్కలోదే. సముద్రపు ఉప్పు కనుక ఎంతైనా తినవచ్చనుకోవడం చరకుడి హెచ్చరికకూ, నేటి వైద్యానికీ కూడా విరుద్ధం.

దిష్టికీ గృహప్రవేశానికీ కల్లుప్పు వాడితే అది పెద్దల సంప్రదాయానికి గౌరవం. వ్రతంలో సైంధవం వాడితే, లేదా ఆ పూట ఉప్పే మానితే, అది నాలుకపై నిగ్రహం. నిత్యం అయోడిన్ ఉప్పు మితంగా వాడితే అది బిడ్డల పట్ల బాధ్యత. ఈ మూడూ ఒకే ఇంట్లో కలహం లేకుండా ఇమిడిపోతాయి. ఒక ఉప్పును పూజించడానికి మరొకదాన్ని దూషించే అవసరం శాస్త్రంలోనూ లేదు, తత్త్వంలోనూ లేదు. ఉప్పుకు పవిత్రత మనిషి పాటించే మితం వల్ల, పక్కవాడి అవసరం పట్ల చూపే ఎరుక వల్ల కలుగుతుంది.