రాజు బల్లయొద్ద ఒక చోటు

వాక్యభాగము: 2 సమూయేలు 4:4, 9:1-13



మెఫీబోషెతు కథను మనము సండేస్కూలు నాటినుండి వినుచున్నాము. యుద్ధవార్త విని దాది ఐదేండ్ల బాలుని ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో వాడు పడి, రెండు కాళ్లును చెడెను. ఏండ్లు గడచిన పిమ్మట దావీదు రాజు యోనాతాను స్నేహమును తలంచుకొని, అతనిని లోదెబారు నుండి పిలిపించి తన బల్లయొద్ద చోటిచ్చెను. అయితే ఆ అధ్యాయపు చివరి మాట మా కుమారుడు పుట్టిన తరువాతనే మా కంటబడెను. బల్లయొద్ద చోటు దొరికినది గాని కాళ్లు బాగుపడలేదు. బాగుపడవలెనని రాజు అడుగనూ లేదు.

మా వానికి ఇప్పుడు పదునాలుగేండ్లు. వాడు పుట్టిన వారములోనే డౌన్ సిండ్రోమ్ అని తెలిసెను. మనుష్యుని కణములో సాధారణముగా 46 క్రోమోజోములుండును; వీరికి 21వది ఒకటి ఎక్కువై 47 ఉండును. ఈ సంగతి 1959లో బయలుపడినది. ఇట్టి పిల్లలలో సుమారు సగము మందికి గుండెలో లోపముండును గనుక ముందు గుండెను పరీక్ష చేయించితిమి. "దిగులుపడకండి, ఈ పిల్లలు ఎప్పుడూ నవ్వుతూ అందరితో కలిసిపోతారు" అని బంధువులు ఓదార్చిరి. మేము ఆ నవ్వు కొరకు కనిపెట్టితిమి.

మూడేండ్ల వరకు "అమ్మ", "నీళ్లు" అనెడివాడు. తరువాత ఆ మాటలును పోయెను. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడడు. టిఫిను డబ్బా మూతను గంటలకొలది నేలమీద త్రిప్పును. గనిలో పేలుడు మ్రోగితే చెవులు మూసికొని మంచము క్రింద దూరును. మేము చూపించిన ఒక వైద్యుడు, "డౌన్ పిల్లవాడు కదా, ఇంతే" అనెను. ఇంట తెలుగు, బజారులో మరాఠీ, గనిలో హిందీ. మూడు భాషలవలన మాట పోయినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. అది నిజము కాదు. వానికి ఎనిమిదేండ్లు వచ్చిన పిమ్మట గాని ఆటిజము కూడ ఉన్నదని మాకు తెలియలేదు.

ప్రియులారా, ఈ రెండును ఒకే బిడ్డలో ఉండవచ్చునని అనేకులకు తెలియదు. మొదటి పేరు రెండవదానిని కప్పివేయును. డౌన్ బిడ్డ నేర్చిన మాటలు మరచినను, మనుష్యులకు దూరమైనను, "ఇంతే" అని ఊరకుండవద్దు. వినికిడి, థైరాయిడు పరీక్షలు చేయించి, ఆటిజము సంగతియు అడుగుడి. మాట రాని బిడ్డకు బొమ్మల కార్డులతో అడుగుట నేర్పవచ్చును. మా వాడు నేడు నీళ్ల బొమ్మ తెచ్చి చేతిలో పెట్టును. అది మాకు కీర్తన విన్నట్లుండును.

"ఎవరి పాపము?" అని యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిరి. మమ్మును కూడ అడిగిరి. గ్రహణమునాడు కూర తరిగితివా అని కొందరు, మీ విశ్వాసము చాలలేదని మరికొందరు. ప్రభువు ఆ ప్రశ్నను అంగీకరింపలేదు. ఆ గ్రుడ్డివాని పాపము గాని, కన్నవారి పాపము గాని కాదని తేటగా చెప్పెను. ఆయన కొట్టివేసిన ప్రశ్నను మన సంఘములలో మరల లేపకుందుము గాక. మెఫీబోషెతును జారవిడిచిన దాదిని సహితము లేఖనము నిందింపలేదు.

ఈ అధ్యాయమునుండి మూడు సంగతులు ధ్యానించుదము.

మొదటిది, మాకీరు ఇల్లు. రాజు పిలువకమునుపు ఆ బిడ్డను ఇంట ఉంచుకొన్నవాడు మాకీరు. ఒక ఆదివారము ప్రార్థన నడుచుచుండగా మా వాడు కేకవేసెను. అందరు వెనుకకు తిరిగి చూచిరి. అది మొదలు రెండేండ్లు మాలో ఒకరము లోపల, ఒకరము బయట వరండాలో ఉంటిమి. మా ఇద్దరికిని కలిపి ఒక ఆరాధన. ఒకనాడు సంఘములోని ఒక వృద్ధ తల్లి ప్రసంగము విడిచి బయటికి వచ్చి, మెట్టుమీద వానిప్రక్కన కూర్చుండి, తానును మూత త్రిప్పెను. "నువ్వు లోపలికి పో బిడ్డా, నేనుంటా" అనెను. ఆమె స్వస్థత ప్రార్థన చేయలేదు, సలహా చెప్పలేదు. మాకు మాకీరు ఇల్లు ఆ మెట్టుమీద దొరికెను.

రెండవది, పొలము. దావీదు భోజనముతో సరిపెట్టలేదు. సౌలు పొలమును తిరిగి ఇప్పించి, దున్నుటకు సీబాను నియమించెను. ప్రేమకు ఏర్పాటు కూడ కావలెను. మా తరువాత వీనికి ఎవరు? రాత్రి షిఫ్టులో గనిలోను, ఇంట పడకమీదను మమ్మును నిద్రపోనియ్యని ప్రశ్న ఇదే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద పదునెనిమిదేండ్లు నిండినవారికి సంరక్షకుని నియమింపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, మేధో వైకల్యమును రెంటిని గుర్తించినది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి ఇట్టివారి కొరకు జాతీయ సంస్థ గలదు. బల్లార్షా నుండి రైలున్నది. సంఘములో చదువుకొన్న యౌవనస్థులారా, సర్టిఫికెటు కొరకు సెలవు పెట్టి తిరుగు తండ్రితో ఒక్కదినము కూడ వెళ్లుడి. ఆ దినము మీరు సీబా పని చేసినవారగుదురు.

మూడవది, బల్ల. మనము బాప్టిస్టులము, నోటి ఒప్పుకోలు మీద బాప్తిస్మమిచ్చువారము. మాట లేని మా కుమారుని సంగతి ఏమి? ఈ ప్రశ్నకు మేము తీర్పు చెప్పలేము. పెద్దలు ప్రార్థనతో ఆలోచింపవలెను. ఒకటి మాత్రము ఎరుగుదుము. మెఫీబోషెతు రాజును వెదకికొని రాలేదు. రాజే అతనిని వెదకెను. మా వానిని ఎరిగిన ప్రభువుకు వాని మౌనము అడ్డము కాదు.

ఇప్పుడు మా సంఘములో తలుపు దగ్గరి బల్ల మా వానిది. మొదటి పాటకు మైకు తగ్గించుదురు. వాడు లేచి తిరిగినను ఎవరును వెనుకకు చూడరు. వాడు ఇంకను కేకలు వేయును, కొన్ని ఆదివారములు మేము మధ్యలోనే ఇంటికి పోవుదుము. అయినను వచ్చే వారము ఆ చోటు ఖాళీగా ఉండి వాని కొరకు కనిపెట్టును. మీ మందిరములోను అట్టి చోటొకటి ఉన్నదా? వరండాలో ఎవరైనను నిలిచియున్నారేమో ఈ ఆదివారము బయటికి వెళ్లి చూడుడి.

ప్రార్థించుదము: ప్రభువా, మా బిడ్డలను బాగుపడిన తరువాత కాక, ఉన్నవారిని ఉన్నట్టుగానే నీ బల్లయొద్దకు పిలుచుచున్నందుకు స్తోత్రము. అలసిన తలిదండ్రులకు నిద్రనిమ్ము. మేము లేని దినమున మా బిడ్డల చేయి పట్టుకొను చేతులను ఇప్పుడే మా సంఘములలో సిద్ధపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.