పక్కదారి ఎత్తు అధర్మమా?

అవతలివాళ్లకు తెలియదనే ధీమాతో వింత ఓపెనింగ్ ఆడటం మోసం కాదా అని అనంతపురంలో నా దగ్గర చదరంగం నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదిది.

1980లో స్వీడన్‌లోని స్కారాలో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్ నల్లపావులతో ప్రపంచ చాంపియన్ కార్పోవ్‌ను ఎదుర్కొన్నాడు. రాజు ముందున్న తెల్లబంటు రెండు గడులు రాగానే, జవాబుగా మంత్రి వైపు అంచుబంటును ఒక్క గడి జరిపాడు. గెలిచాడు. మధ్యగడులను తెల్లపావులకు వదిలేసే ఎత్తు అది, గొప్పదేం కాదు. కానీ దాపరికం ఎక్కడుంది? పావులన్నీ ఇద్దరి కళ్లముందే ఉన్నాయి. కార్పోవ్‌కు అక్కరకు రాకుండా పోయింది ముందే చదివి పెట్టుకున్న దారులే. ఆలోచించే హక్కును ఎవరూ లాక్కోలేదు.

అయినా ఎత్తు వెనకున్న కోరికను చూడాలి. ఎదుటివాడు తప్పుచేయాలనా, ఇద్దరం మొదటి ఎత్తు నుంచే సొంతంగా ఆలోచించాలనా? ఊరంతా వేరుశనగ వేసే మా మెట్టనేలలో ఒక రైతు కొర్రలు వేస్తే, పక్కచేను ఎండాలని కాదు గదా. మా జిల్లాలోని కొనకొండ్ల ఊరితో ముడిపెట్టి చెప్పుకునే జైనాచార్యుడు కుందకుందుడు ‘సమయసారం’లో పైకి కనిపించేదాన్ని చూసే వ్యవహారదృష్టిని, లోపలి అసలు తత్వాన్ని చూసే నిశ్చయదృష్టిని వేరుచేసి చూపాడు. ఆ విభజనను నేను బల్ల దగ్గరికి తెచ్చుకుంటాను: పాయింట్ల పట్టికకు మొదటిది చాలు, ఆడే మనసుకు రెండోది కావాలి.

అందుకే మైల్స్ ఎత్తును జవాబుతో సహా నేర్పుతాను: మధ్యలో రెండు బంట్లు నిలపాలి, గుర్రాలను బయటికి తీయాలి. అది తెలిశాక కూడా ఆడతానన్న పిల్లలకు ఎదురుగా, తెల్లపావులతో నేనే కూర్చుంటాను.