మారు పలికేదెవరు?

2020 ఆగస్టు 10న అండమాన్ నికోబార్ దీవులకు సముద్రం అడుగు నుంచి ఇంటర్నెట్ వచ్చింది. చెన్నై తీరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా, అక్కడి నుంచి హేవ్‌లాక్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌ల దాకా సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ పరిచారు. ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. అంతవరకూ దీవులన్నిటికీ ఉపగ్రహమే దిక్కు. కేబుల్ పడ్డాక చెన్నై, పోర్ట్‌బ్లెయిర్‌ల మధ్య సెకనుకు 400 గిగాబిట్లు మోసే దారి తెరుచుకుంది. దీవుల్లో కంప్యూటర్ చదువుకున్న పిల్లలకూ, తెలుగునేల నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలకూ అది పండగలాంటి వార్త.

అదే దారి వెంట ఇవాళ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న ఒక కుర్రవాడు ఫోనులో ఒక ముసలావిడ గొంతు వినగలడు. (2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. జనం నోట్లో ఇంకా పాత పేరే ఉంది.) ఆవిడ బోవా సీనియర్. గ్రేట్ అండమానీ తెగల్లో ఒకటైన ‘బో’ల భాష తెలిసిన ఆఖరి మనిషి. 2010 జనవరి 26న, సుమారు 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఢిల్లీ జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన అన్వితా అబ్బి 2005 నుంచి దీవుల్లో పనిచేసి, ఆమె మాటల్నీ పాటల్నీ రికార్డు చేశారు. ఆ రికార్డులు పోలేదు. నకళ్లు తీసి ఖండాంతరాల్లో దాచారు.

ఆ గొంతు సర్వర్‌లో క్షేమంగా ఉంది కాబట్టి బో భాష బతికి ఉన్నట్టేనా?

ఇది యంత్రాలు తెచ్చిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ దీని వయసు చాలా పెద్దది. శబ్దం నిత్యమా, అనిత్యమా అని మన దేశంలో మీమాంసకులూ నైయాయికులూ వందల ఏళ్లు వాదించుకున్నారు. మీమాంసకుల దృష్టిలో శబ్దం ఎప్పుడూ ఉండేదే. మనిషి నోరు తెరిచినప్పుడు పుట్టే ధ్వని, అప్పటికే ఉన్న శబ్దాన్ని బయటపెడుతుంది, అంతే. జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి ఈ పక్షాన్ని గట్టిగా నిలబెట్టారు. వేదాన్ని ఎవరూ కల్పించలేదని చెప్పడానికి వాళ్లకు ఈ సిద్ధాంతం అవసరం. నైయాయికులు ససేమిరా అన్నారు. శబ్దం పుడుతుంది, ఒక అల మరో అలను లేపినట్టు చెవి దాకా వస్తుంది, అణిగిపోతుంది. పుట్టిందేదైనా పోక తప్పదు కదా అన్నది వాళ్ల వాదన.

రికార్డింగ్ అనే వస్తువును ఆ రెండు పక్షాల్లో ఎవరూ ఊహించలేదు. ఊహించి ఉంటే గెలుపు మీమాంసకులదే అనిపిస్తుంది. మనిషి పోయి పదిహేనేళ్లు దాటినా మీట నొక్కగానే శబ్దం మళ్లీ వ్యక్తమవుతోంది కదా! నేటి కంప్యూటర్ రంగంలో చాలామంది నమ్మకం కూడా ఇదే. డేటా ఉంటే అంతా ఉన్నట్టే, పోగుచేయడం ఒక్కటే మన పని, మిగతాది యంత్రం చూసుకుంటుందని.

కానీ మీమాంసకుల వాదాన్ని ఇంకాస్త లోపలికి వెళ్లి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. పిల్లవాడికి మాటల అర్థం ఎలా తెలుస్తుంది అన్నదానికి వాళ్లు చెప్పిన జవాబు వృద్ధవ్యవహారం. ఒక పెద్దాయన ‘ఆవును తోలుకురా’ అంటాడు. ఇంకో పెద్దాయన వెళ్లి ఆవును తోలుకొస్తాడు. పక్కన నిలబడ్డ పిల్లవాడు ఇద్దరినీ చూస్తాడు. ‘ఆవును కట్టెయ్’ అన్నప్పుడు ఏం జరిగిందో, ‘గుర్రాన్ని తోలుకురా’ అన్నప్పుడు ఏం జరిగిందో కూడా చూసి, ఏ మాట దేనికో విడదీసుకుంటాడు. శబ్దం నిత్యమని బల్లగుద్ది చెప్పినవాళ్లకు సైతం, ఆ శబ్దం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరడానికి ముగ్గురు కావాల్సి వచ్చారు. అనేవాడు, విని చేసేవాడు, చూసి నేర్చుకునేవాడు.

బోవా సీనియర్ దగ్గర మొదటి మనిషి ఒక్కరే మిగిలారు. అమ్మానాన్నలు పోయాక ఆమెతో బో భాషలో మాట్లాడేవాళ్లు దశాబ్దాల పాటు లేరు. ఇరుగుపొరుగుతో మాట్లాడటానికి ఆమె అండమాన్ హిందీ నేర్చుకున్నారు. అబ్బి చెప్పిన ఒక విషయం ఎవరినైనా కుదిపేస్తుంది. బోవా పిట్టలతో తన భాషలో మాట్లాడేవారట. అవి తమ పూర్వీకులనీ, తన మాట వాటికి అర్థమవుతుందనీ ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం తేలిక. వినే మనిషి లేనిచోట కూడా వినేవాళ్లను వెతుక్కోకుండా భాష ఉండలేదని అందులో తెలియడం లేదూ?

ఈ స్థితి ఒక్కరోజులో రాలేదు. 1858లో ఆంగ్లేయులు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల వలస పెట్టినప్పుడు గ్రేట్ అండమానీలు వేలల్లో ఉన్నారు. పది తెగలు, పది భాషలు. 1859లో అక్కడి అబర్దీన్ దగ్గర విల్లంబులతో తుపాకుల మీదికి వెళ్లారు. ఆ తర్వాత సిఫిలిస్, 1877 నాటి తట్టు తుపాకులకంటే ఎక్కువమందిని తీసుకుపోయాయి. 1901 జనగణనలో 625 మంది తేలారు, 1961లో 19 మంది. మిగిలినవాళ్లను తర్వాత స్ట్రెయిట్ ఐలండ్‌లో ఉంచారు. మిగిలిన భాషలు కలగలిసి ఒకటయ్యాయి, దాని మీదికి హిందీ వచ్చి కూర్చుంది.

ఎడ్వర్డ్ హొరేస్ మాన్ అనే అధికారి ఆకా-బేయా భాష మాట్లాడే తెగ మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, ఆ భాషకు నిఘంటువు తయారుచేశారు. అది 1923లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఆ భాష మాట్లాడేవాళ్లు దాదాపు ఎవరూ లేరు. పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. అచ్చు చెరగలేదు, వేల మాటలు వరుసగా ఉన్నాయి. నిల్వ చేయడమే బతికించడమైతే, ఆకా-బేయాకు వందేళ్ల కిందటే ఏ లోటూ లేకుండా ఉండాల్సింది.

దీనికి ఎదురుగా పెట్టదగ్గ ఉదాహరణ అబ్బి పనిలోనే ఉంది. ఆమెకు ముఖ్యంగా సాయపడిన నావో జూనియర్ అనే పెద్దాయన, కథ చెప్పమంటే మొదట ఏమీ గుర్తు లేదన్నారు. దశాబ్దాలుగా ఎవరూ కథ అడగలేదు, ఆయన చెప్పలేదు. అబ్బి వదలలేదు. అడిగి, విని, మళ్లీ అడిగారు. అడగ్గా అడగ్గా మాట కొంచెం కొంచెం తేలింది. ఆఖరికి ఆయన నోట కథలే వచ్చాయి. ఆ కథలూ పాటలూ 2021లో పుస్తకమయ్యాయి. మరచిపోయిన భాష ఎదురుగా కూర్చున్న మనిషి కోసం తిరిగొచ్చింది. ఆ గదిలో రికార్డర్ కూడా ఉంది, నిజమే. కానీ నావోను మాట్లాడించింది రికార్డర్ కాదు.

ఇక్కడ ఇంజనీర్లు ఒక గట్టి ఆక్షేపణ తేవచ్చు, దాన్ని దాటవేయకూడదు. నేటి యంత్రాలు ఆవును చూడకుండానే ‘ఆవు’ను వాడటం నేర్చుకుంటున్నాయి కదా? ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ అనే మోడల్‌కు 6,80,000 గంటల మాటలు వినిపించారు. అది తెలుగును కూడా విని రాస్తుంది. వృద్ధవ్యవహారం ఎక్కడుంది ఇందులో? ఉంది, యంత్రం బయట ఉంది. యంత్రం తెలుగులో తప్పు రాస్తే కోట్లమంది ‘ఇలా అనం’ అనగలరు. ఆ దిద్దుబాటు ఉండబట్టే దాని తెలుగు తెలుగుగా నిలుస్తోంది. రేపు ఎవరైనా బోవా రికార్డుల మీద ఒక మోడల్‌ను తయారుచేసి, అది బో భాషలో కొత్త వాక్యం పలికిందనుకుందాం. అది ఒప్పా తప్పా? గ్రేట్ అండమానీ వ్యాకరణం మనిషి శరీరాన్ని ఏడు మండలాలుగా విడదీసుకుని నడుస్తుందని అబ్బి చూపించారు. నోటికి చెందినవి ఒక వరుస, చేతివేళ్లూ కాలివేళ్లూ లాంటి చివరలు ఒక వరుస, లోపలి అవయవాలు ఇంకో వరుస. ‘నాది’ అనే చిన్నమాట కూడా ఏ అవయవం గురించి అన్నదాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. అంత సున్నితమైన నడకలో యంత్రం ఎక్కడ తడబడిందో పట్టుకోగల మనిషి ఒక్కరూ లేరు. గ్రేట్ అండమానీ భాషల్లో మరొకటైన సారే తెలిసిన ఆఖరి మనిషి లీచో 2020 ఏప్రిల్‌లో పోయారు, కేబుల్ తెరుచుకోవడానికి నాలుగు నెలల ముందు. తప్పు అనడానికి మనిషి లేనిచోట ఒప్పు కూడా ఉండదు. అక్కడ వినిపించేది భాష పోలిక మాత్రమే.

పోర్ట్‌బ్లెయిర్‌కు పడమరగా ఉన్న నార్త్ సెంటినల్ దీవి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. సెంటినలీలు ఏం మాట్లాడుకుంటారో బయటివాళ్లకు తెలియదు. లిటిల్ అండమాన్‌లోని ఓంగే తెగవాళ్లను వెంట తీసుకెళ్లినా వాళ్లకూ అర్థం కాలేదు. 1991 జనవరిలో మానవశాస్త్రవేత్త మధుమాల చటోపాధ్యాయ ఉన్న బృందం సెంటినలీల చేతికి కొబ్బరికాయలు అందించినప్పుడు కాసేపు సామరస్యం నడిచింది, కొన్నేళ్లకు ప్రభుత్వం అలాంటి యాత్రలు మానుకుంది. 2011 జనగణనలో వాళ్లను దూరం నుంచే చూసి 15 మందిగా రాసుకున్నారు. వాళ్ల భాషకు నిఘంటువు లేదు, కార్పస్ లేదు, యూనికోడ్ చర్చ లేదు. కానీ అక్కడ ఇవాళ పొద్దున ఎవరో ఎవరినో పిలిచి ఉంటారు, వాళ్లు పలికి ఉంటారు. ఉన్నంతలో దాచుకున్న భాష పోయింది. ఏమీ దాచని భాష బతికుంది.

‘సమాచారం అందరిదీ’ అనే సూత్రం మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం లేచింది. ఆ సూత్రం వల్ల తెలుగుకు జరిగిన మేలు చిన్నది కాదు. అయితే దానికీ ఒక గట్టు ఉండాలని ఈ దీవులే చెబుతున్నాయి. 2012 జనవరిలో, జరవా తెగ స్త్రీల చేత తిండి ఆశచూపి నాట్యం చేయించిన వీడియో ఒక బ్రిటిష్ పత్రిక ద్వారా బయటికొచ్చి దేశం తలదించుకుంది. 2025 మార్చిలో ఒక అమెరికా యువకుడు మోటారు బిగించిన గాలిపడవలో నార్త్ సెంటినల్ ఒడ్డుకు వెళ్లి, ఒక కొబ్బరికాయనూ ఒక కూల్‌డ్రింక్ డబ్బానూ వదిలి, కెమెరాతో చిత్రించుకుని వచ్చి అరెస్టయ్యాడు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు అలాంటి రాకపోకల్ని నిషేధిస్తాయి. ఎదుటివాడు మారు పలకడానికి ఇష్టపడనప్పుడు అతని గొంతును పట్టుకోవడం జ్ఞానం కిందికి రాదు. అది దొంగతనమే.

తెలుగువాళ్లకు ఇదంతా ఎందుకు? దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్కల్లో సుమారు 50 వేలు, నూటికి 13 మంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి చేపల వేటకూ కూలిపనికీ ఓడెక్కి వచ్చినవాళ్ల సంతానం వీళ్లలో ఎందరో. వీధిలో, బజారులో నడిచేది హిందీ. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, మనవడు హిందీలో జవాబిస్తాడు. ఆవిడకు అర్థమవుతుంది, పని జరిగిపోతుంది. ఎవరికీ ఏదీ పోయినట్టనిపించదు. పోర్ట్‌బ్లెయిర్ తెలుగును గ్రేట్ అండమానీతో పోల్చడం అతిశయోక్తే, ఇటు ఒడ్డున కోట్లమంది ఉన్నారు కాబట్టి. కానీ ఉత్తరాంధ్ర పలుకుబడి, దీవుల చేపల పేర్లు, ఓడరేవు మాటలు కలిసి ఆ ఇళ్లలో పెరిగిన తెలుగు ఇంకెక్కడా లేదు.

ఇటు ఒడ్డున పని జోరుగా సాగుతోంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. హైదరాబాద్ ‘స్వేచ్ఛ’ సంస్థ వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థులను కలుపుకుని తెలుగు కథలు పోగుచేసి, వాటి మీద ఒక చిన్న భాషా మోడల్‌ను నిలబెట్టింది. మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగువాళ్లు తెర మీద వాక్యాలు చదివి తమ గొంతులిస్తున్నారు. జీతం లేని ఈ పనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ పతంజలి మహాభాష్యంలో ఒక మాట ఉంది: కుండ కావాలంటే కుమ్మరి ఇంటికి వెళ్లి చేయించుకుంటాం, వాడుకోవడానికి మాటలు చేసిపెట్టమని వ్యాకర్త ఇంటికి ఎవరూ వెళ్లరు అని. ఇంజనీరు ఇంటికి వెళ్లినా దొరకవు.

అందుకే ఈ సాంకేతిక బృందాలకు ఒక విన్నపం. వచ్చే సెలవుల్లో ఒక శిబిరం పోర్ట్‌బ్లెయిర్‌లో పెట్టండి. కేబుల్ ఉంది, విశాఖ నుంచి ఓడ ఉంది. ఆ ఊరి జంగ్లీఘాట్ పేట ఇళ్లలో తెర మీది వాక్యాలు చదివించి వెనుదిరగకండి. అమ్మమ్మనూ మనవడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే, ఇద్దరి మాటలూ రికార్డు చేయండి. మనవడు హిందీలోకి జారినప్పుడు రికార్డర్ ఆపకండి, అమ్మమ్మను మళ్లీ అడగమనండి. ఆ ఫైళ్ల నకలు మొదట ఆ ఇంటికే ఇవ్వండి.