జలపాత దర్శనము

భిలాయి ఉక్కునగరమునందు నివసించు తెలుగు కుటుంబములలో శీతకాలపు సెలవులు సమీపించగానే ఒక ప్రశ్న పొడసూపుచుండును: బస్తరులోని చిత్రకోట జలపాతమును చూడబోవుట యుక్తమా? దారి సుమారు 300 కిలోమీటర్లు. గట్టుపై జనసమ్మర్దము, నిలిచి చూచుటకు చోటు దొరకుటయే కష్టము. "అమ్మా, అది ఇప్పుడు సంతవలె నున్నది. అంత శ్రమకు ఫలమేమి?" అని కుమారు డనును. "నాయనా, ఆ నీరు మన గోదావరిలో కలియును గదా! కాళ్లాడుచుండగనే ఒక్కసారి చూతును" అని వృద్ధురాలగు తల్లి బదులు చెప్పును. ఇరువురిలో ఎవరి మాట గ్రాహ్యము?

తల్లి పలికినది సత్యము. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి, చిత్రకోటవద్ద గుఱ్ఱపు లాడమువలె వంపు తిరిగిన బండమీదినుండి సుమారు 95 అడుగుల క్రిందికి దుమికి, పిదప అడవులగుండ పయనించి గోదావరిని చేరుచున్నది.

కుమారుని మాటయందును కొంత సత్యము కలదు. దూరమేగినంత మాత్రమున దృష్టి కలుగదు. 1877లో బాలుడగు నరేంద్రుడు, అనగా తరువాతి కాలపు వివేకానందస్వామి, ఎడ్లబండిపై రాయపూరునకు పోవుచు, దారిలో ఒక కొండ చీలికయందు పెద్ద తేనెపట్టును గాంచెను. ఆ చిన్నప్రాణులను నడిపించు అనంతశక్తిని తలపోయుచు ఆతడు బాహ్యస్మృతిని కోల్పోయెను. మరల తెలివి వచ్చునప్పటికి బండి బహుదూరము సాగిపోయి యుండెను. ఆ తేనెపట్టు ప్రసిద్ధము కాదు; దానికై ఎవరును యాత్ర చేయలేదు. చూచువాని మనస్సు మేల్కొని యుండెను, అంతియే.

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభింపబడెను. అట్టి ఫర్నేసు ముంగిట సుమారు 1500 డిగ్రీల వేడిమితో కరగిన ఇనుము అగ్నినదివలె ప్రవహించును. అనుదినము దానియెదుట నిలుచు కుమారుడు అందేమి చూచుచున్నాడు? షిఫ్టు ఎప్పుడు ముగియునా యని గడియారమునే చూచువానికి చిత్రకోటలోను గడియారమే కనబడును.

అట్లని తల్లిని ఇంటనే ఉంచదగునా? మహాభారతమున అనుశాసనపర్వమునందు భీష్ముడు ధర్మరాజునకు సత్యము, ఆర్జవము, అహింస, దమము మొదలగు మానసతీర్థములను ఉపదేశించెను. కాని భూమియందలి తీర్థములను ఆయన త్రోసిపుచ్చలేదు. రెండింటను స్నానమాడినవాడే శీఘ్రముగ సిద్ధి నందునని పలికెను.

ఇక జనసమ్మర్దము మాట. దానిని నిందించువాడు తానును అందొకడనని మరచుచున్నాడు. ఎదుటివాడు తనకు అడ్డమైనట్లే తానును వెనుకవానికి అడ్డము. వానకారున ఎఱ్ఱనై గర్జించుచు దుముకు ఆ ప్రవాహమును బిందువుల సమ్మర్దమే గదా! ఒంటరి బిందువు జలపాతము కాజాలదు. కావున కొంతసేపు చూచి వెనుకవానికి చోటిచ్చుట, తీరమున చెత్త విడువక మరలుట, ఇవియే అచ్చట చేయదగిన పూజ.

కుమారుడు తల్లిని తోడ్కొని పోవలెను. ఆమెకు ముందు చోటు కల్పించి తాను వెనుక నిలిచెనేని, జలపాతము సగమే కనబడినను తీర్థఫలము పూర్తిగ దక్కును. మరలివచ్చి ఫర్నేసు ముంగిటి అగ్నినదిని క్రొత్త కన్నులతో చూచెనేని, ఆ యాత్ర సఫలమైనట్లే.