ఓడ ఒకటా, రేకుల మోపా?

1943 జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు నడుము దగ్గర విరిగింది. తుపాను లేదు, అలలు లేవు. సముద్ర పరీక్షలు ముగించుకుని, తనను కట్టిన యార్డు గట్టునే నిలిచి ఉంది. మైలు దూరం వినబడేంత మోతతో డెక్కు, రెండు పక్కల గోడలూ చీలిపోయాయి. అడుగు రేకులు మాత్రం పట్టు వదల్లేదు.

పగులు పుట్టింది లోపమున్న ఒక వెల్డింగ్ దగ్గర. అక్కడే ఎందుకు ఆగలేదు? ఇది ఇంజనీర్ల ప్రశ్నే కాదు, ఓడ ఒక్క వస్తువా, రేకుల మోపా అనే తర్కశాస్త్రం ప్రశ్న కూడా.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆయన అనుసరించిన న్యాయ వైశేషికాల్లో విడదీయగల కలయిక సంయోగం, విడదీయరానిది సమవాయం. దారాలు ఒకదానితో ఒకటి సంయోగంతో కలుస్తాయి. వాటిలో బట్ట అనే కొత్త వస్తువు పుట్టి, సమవాయంతో నిలుస్తుంది. భాగాలకు మించిన ఆ మొత్తాన్ని అవయవి అన్నారు. బౌద్ధులు ఒప్పుకోలేదు. ఉన్నవి దారాలే, బట్ట అన్నది వట్టి పేరేనన్నారు.

ఓడకూ ఇదే ప్రశ్న. రివెట్లు కొట్టిన ఓడలో రేకులది సంయోగమే, పగులు చాలాసార్లు రేకు అంచు దాకా వచ్చి ఆగిపోయేది. వెల్డింగులో అంచులు కరిగి ఒకటవుతాయి. ఆగడానికి అంచే మిగలదు. అలాగని తప్పంతా అతుకుది కాదని కేంబ్రిడ్జిలో లోహ శాస్త్రవేత్త కాన్‌స్టాన్స్ టిప్పర్ తేల్చింది. ఆనాటి ఉక్కే చలికి పెళుసుబారేది.

అవయవిని నమ్మేవారికి ఇక్కడ గట్టి సాక్ష్యం దొరుకుతుంది. పగులును నడిపేది దాని కొన దగ్గరి బలం ఒక్కటే కాదని 1921లోనే ఇంజనీరు గ్రిఫిత్ చూపాడు. బిగిసి ఉన్న వస్తువులో దాగిన శక్తి విడుదలై పగులుకు మేత అవుతుంది. అంటే ఓడ మొత్తంగానే పనిచేసింది. కాకపోతే, తాను ఒకటేనని విరిగి రుజువు చేసుకుంది! బౌద్ధుడు ఊరుకోడు, రేణువు పక్క రేణువుకే కదా బలం అందించింది అంటాడు. తీసిపారేయదగ్గ మాట కాదది. అయినా అవే రేకులు రివెట్లతో ఒకలా, వెల్డింగుతో మరోలా విరుగుతున్నప్పుడు, మొగ్గు నైయాయికుల వైపే.

ఇంజనీర్లకు ఇంత వాదన అక్కర్లేకపోయింది. అదే యుద్ధకాలంలో వెల్డింగుతో కట్టిన లిబర్టీ సరుకు ఓడల డెక్కు మీద, పగుళ్లకు పుట్టిల్లైన హాచ్‌ల (సరుకు దించే ద్వారాల) చదరపు మూలలను గుండ్రం చేశారు. వెల్డింగు ఓడల్లోనే అక్కడక్కడా రివెట్ల వరసలు మళ్లీ పెట్టారు. ఒకటైన దానిలోకి సంయోగాన్ని కావాలనే తిరిగి తెచ్చారన్నమాట. నేటి భారీ కంటైనర్ ఓడల్లోనూ, డెక్కు దగ్గరి మందపాటి రేకులకు, పగులును ఆపగల ప్రత్యేకమైన ఉక్కు వాడాలని నియమాలున్నాయి.